కారం పొట్లం మీద ఖాలూ ఫొటో

పెబ్బేరులో మా పాత కిరాణా దుకాణం గదిని మొన్నటి వేసవిలో అద్దెకు ఇద్దామనుకున్నాం. మొబైల్ ఫోన్లు బాగుచేసే కుర్రాడెవరో అడిగాడు. ఖాళీ చేసి ఇవ్వాలి కదా అని తాళం తీసి, అటక మీది సామానంతా దింపించాను. పగిలిన తరాజు పళ్లెం, నూనె డబ్బాలు, తుప్పు పట్టిన కొలపాత్రలు, వాటి వెనకాల మూతి కట్టేసిన ఒక గోనె సంచి. విప్పి చూస్తే అడుగున ఇంకా ఇరవై దాకా పేపర్లున్నాయి. అన్నీ ఒకే రోజువి, అన్నీ జిల్లా ఎడిషన్‌లో ఒకే పేజీ. పైన లావుపాటి అక్షరాల్లో 'నేడు టేకు మొక్క.. రేపు ఇంటినిండా సిరులు' అని శీర్షిక. కింద మెడలో పూలదండ, భుజాన శాలువా, చేతిలో బెత్తెడు మొక్క పట్టుకుని పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్న మక్బూల్ ఖాలూ. అంటే మా అమ్మీ చెల్లెలి మొగుడు. ఫొటో కింద 'ఉత్తమ ఏజెంటుగా గద్వాల వాసికి సన్మానం' అని చిన్న అక్షరాలు. చూడగానే నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తికాకముందే పళ్లు పటపటా కొరికాను. యాభై దాటినదాన్ని, బీపీ మాత్రలు మింగుతున్నదాన్ని, ఇంత కోపం ఒంటికి మంచిది కాదని తెలుసు. అయినా దాన్ని వదులుకోవాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

నేను చదువు నేర్చుకున్నది బడిలో కాదు, ఆ దుకాణంలో. మా ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు, అబ్బాకు, అంటే మా నాన్నకు, కోపమొస్తే మౌనం. చింతపండు, బెల్లం, ఎండుమిర్చి వాసనలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయిన ఆ చీకటి గదిలో గల్లా పక్కన పాత పేపర్ల దొంతర ఉండేది. పొట్లం కట్టడానికి కాగితం చింపేముందు అబ్బా నా వైపు జరిపేవాడు, నేను శీర్షిక గట్టిగా చదవాలి. చదివితేనే చింపుతాడు. ఇట్లా నేను ప్రపంచ విషయాలన్నీ ఏడాదో రెండేళ్లో ఆలస్యంగా, కొంచెం నూనె మరకలతో తెలుసుకున్నాను. 'తీరనున్న తాగునీటి కష్టాలు' అని చదివితే అందులో దొడ్డుప్పు కట్టేవాడు. 'వచ్చే ఖరీఫ్‌కే సాగునీరు' అన్నది నేను మూడో తరగతిలో ఒకసారి, ఆరో తరగతిలో ఒకసారి, పది పాసైనాక ఒకసారి చదివాను. మూడుసార్లూ అందులో పల్లీలే కట్టినట్టు గుర్తు. సంత రోజు ఎడ్లబేరానికి వచ్చిన రైతులు బెంచీ మీద కూర్చుని నా చదువు వినేవాళ్లు. 'రైలుమార్గానికి త్వరలో సర్వే' అని నేను చదవగానే ఒక ముసలాయన తువ్వాలు దులుపుకుని, "బిడ్డా, గది మా నాయిన పెండ్లప్పటి పేపరా, నా పెండ్లప్పటిదా" అని అడిగాడు. బెంచీ మీద అందరూ నవ్వారు, అబ్బా మాత్రం నవ్వకుండా పొట్లానికి దారం చుట్టాడు.

మా నానీ, అంటే అమ్మీ తల్లి, మాతోనే ఉండేది. ఊరు పెద్దమందడి. కొడుకులు లేరు, ఇద్దరూ ఆడబిడ్డలే. తాత పోయాక చేను కౌలుకిచ్చి మా ఇంటికొచ్చింది గానీ, ఉత్తినే కూర్చుని తినే మనిషి కాదు. ఏటా సంతలో బక్కచిక్కిన కోడెదూడల జత ఒకటి కొనేది. తవుడు, చిట్టు, పల్లిపొట్టు పెట్టి, ఒళ్లు నిమిరి, దూడలతో మాట్లాడి, ఏడాది తిరిగేసరికి వాటిని నిగనిగలాడేలా చేసి అదే సంతలో అమ్మేది. అమ్మిన రోజు అన్నం తినేది కాదు. ఆ డబ్బును బియ్యం గుమ్మిలో గుడ్డకు చుట్టి దాచేది. అది హజ్ యాత్ర కోసం. బ్యాంకులో వేద్దామని అబ్బా అంటే, "వడ్డీ పైస ఒక్కటి కలిసినా నా హజ్ కబూల్ గాదు" అని తేల్చేసింది. ఇట్లా పదహారేళ్లు గడిచి, నేను ఏడో తరగతికి వచ్చేసరికి ఒక్క మనిషి ఖర్చుకు సరిపడా జమ అయింది. కానీ ఆడమనిషి ఒంటరిగా పోకూడదు, తోడుగా దగ్గరి మగమనిషి ఉండాలి. అంటే ఇద్దరి ఖర్చు. నానీకి అప్పటికే అరవై దాటాయి, దూడలను పట్టుకునే చేతుల్లో వణుకు మొదలైంది. ఇంకా పదహారేళ్లు దూడలను మేపే ఓపిక లేదని ఆమెకు తెలుసు.

సరిగ్గా అప్పుడు దిగాడు మక్బూల్ ఖాలూ, చంకలో పేపర్ల కట్టతో. గద్వాల బస్సు దిగితే చాలు, ఆయన అత్తరు వాసన ఆయనకంటే ముందు మా గడప దాటేది. ఆయనకు ఉర్దూ కంటే తెలుగే ఇష్టం, ఎందుకంటే మోసానికి గిరాకీలు తెలుగులోనే ఎక్కువ. ఈ చివరి మాట ఇప్పుడు అంటున్నాను, అప్పుడు నేనూ ఆయన తెచ్చిన ఖోవా బిళ్లలు తిన్నదాన్నే. నాగర్‌కర్నూల్‌లో ఏదో టేకు కంపెనీ వాళ్లు సభ పెట్టి ఆయనకు సన్మానం చేశారట. ఆ ఫొటో పడ్డ పేపర్లను కట్టలకు కట్టలు కొని గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో ఇంటింటికీ పంచుతున్నాడు. నానీ ముందు కూర్చుని పేపరు పరిచాడు.

"అమ్మీజాన్, ఇది బ్యాంకు గాదు, వడ్డీ గాదు. నీ పేరు మీద చెట్టు పెడ్తరు. చెట్టు పెరుగుతది. పెరిగిన చెట్టును అమ్మి పైసలిస్తరు. నువ్వు దూడను పెంచి అమ్ముతలేవా, గట్లనే ఇది."

నానీ చాలాసేపు ఆలోచించింది. "చెట్టు పెరుగుడు అల్లా పని. దాంట్ల వడ్డీ ఏడిది" అంది.

"గదే నేను చెప్తున్న. పదేండ్లల్ల ఇద్దరి ఖర్చు ఎల్తది. తోడు ఎవరు అని పరేషాన్ గాకు. నేనే వస్త నీ ఎంబడి."

వడ్డీ ముట్టని మనిషిని పట్టుకోవడానికి దేశంలో ఏ పథకమూ పనికిరాదు, ఇదొక్కటి తప్ప. అది ఖాలూకు బాగా తెలుసు. గుమ్మిలోని గుడ్డ మూట ఆయన సంచీలోకి పోయింది. బదులుగా చెట్టు బొమ్మ, బంగారు రంగు ముద్ర, చెట్ల నంబర్లు ఉన్న దళసరి కాగితం వచ్చింది. నానీ దాన్ని గుమ్మిలో ఆ మూట ఉన్నచోటే దాచింది. ప్రతి రంజాన్ పండుగ రోజు మా పిల్లల ఎత్తు గోడ మీద బొగ్గుతో గీసేవాళ్లం. నానీ మా గీతల పక్కన తన చెట్టుకు కూడా ఒక గీత గీయించేది, తనకు తోచిన అంచనాతో. రెండేళ్లకే ఆ చెట్టు నన్ను దాటింది, మూడో ఏటికి అబ్బాను దాటింది. నాలుగో ఏడు గీత గీయాలంటే అబ్బా బల్ల ఎక్కాల్సి వచ్చింది. ఆ బల్ల మీది నుంచే ఆయన అన్నాడు, ఒకసారి పోయి చూసొద్దామా అని.

చెట్లు మన్ననూర్ దగ్గర ఉన్నాయని ఖాలూ అప్పట్లోనే చెప్పాడు. అబ్బా, నానీ, నేను మూడు బస్సులు మారి పోయాం. నానీ బుర్ఖా కింద ఒక సీసా పట్టుకుని కూర్చుంది. ఏంటని అడిగితే నీళ్లంది. "నా చెట్టు దగ్గరికి పోతున్న, ఉత్త చేతులతోని ఎట్ల పోత" అంది. అక్కడ అటవీ తనిఖీ గేటు దగ్గర ఖాకీ చొక్కా వేసుకున్న కాపలామనిషి ఒకాయన మా కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. లోపలికి చూస్తే టేకు చెట్లు నిజంగానే ఉన్నాయి, మా గోడ మీది గీతకు నాలుగింతల ఎత్తున.

"అవ్వా, ఇయ్యన్ని సర్కారు చెట్లు. పులులుండే అడవి ఇది. పుల్ల ఇరిచినా కేసైతది. ఈ కాగితం పట్టుకొని ఇంతకు ముందు గూడ మస్తుమంది వచ్చిపోయిన్రు" అన్నాడాయన, మెల్లగా, నానీ ముఖం వైపు చూడకుండా.

నానీ ఏడవలేదు. నంబర్లు ఇంకోసారి చదవమని నన్ను అడిగింది. చదివాను. గేటు పక్కనే రోడ్డంచున ఉన్న ఒక చెట్టు దగ్గరికి పోయి సీసా మూత తీసి నీళ్లు పోసింది. "ఏదో ఒకటి తాగనీ. మోసుకొచ్చిన నీళ్లు మళ్ల ఇంటికి కొండవోవుడెందుకు" అంది. తిరుగు ప్రయాణంలో అచ్చంపేట దాకా ఆ సీసా మూతను తిప్పుతూనే ఉంది. ఆ ఖాళీ సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నానీని తలుచుకున్నప్పుడల్లా నాకు మక్బూల్ ఖాలూ మెడ గుర్తొస్తుంది, నా రెండు చేతులూ గుర్తొస్తాయి.

మరుసటి నెలలో 'బోర్డు తిప్పేసిన టేకు కంపెనీ' అని నాలుగే నాలుగు లైన్ల వార్త వచ్చింది, సినిమా ప్రకటన కింద ఒక మూలన. బాధితులు లబోదిబోమంటున్నారని ఉంది గానీ ఖాలూ పేరు లేదు. సన్మానానికి ఫొటో వేసినవాళ్లు, దొంగతనానికి పేరు కూడా వేయలేదు. ఖాలూ వచ్చి "నేను గూడ మునిగిన" అని రుమాలుతో కళ్లొత్తుకున్నాడు. ఆయన పేరున ఒక్క చెట్టు కూడా లేదని, కమీషన్ డబ్బుతోనే ఆకుపచ్చ స్కూటర్ కొన్నాడని ఆయన భార్య, మా ఖాలా, అమ్మీ చెవిలో చెప్పి ఏడ్చింది. తన సొంత తల్లి డబ్బు మీద కూర్చుని తిరగాల్సిన స్కూటర్ అది. అబ్బా చెప్పులేసుకుని బయల్దేరబోతుంటే నానీ అడ్డం నిలబడి, అందరితో ఒట్టు వేయించింది.

"ఆయన ఈ ఇంటి దామాద్. మీరు నోరు తెరిస్తే నా చిన్నబిడ్డ బతుకు ఆగమైతది. మీ నోటితోని ఆయనను ఒక్క మాట అనొద్దు. నేను ఉన్నా, పోయినా."

ఒట్టు నోటి మీద వేసింది, చేతుల మీద వేయలేదు. అబ్బాకు అది చాలు. ఖాలూ పంచిన పేపర్లన్నీ ఏనాటికైనా చిత్తుకాగితాల దుకాణానికి రావలసిందేనని ఆయన లెక్క. సరుకు కోసం వనపర్తి పోయినా, నాగర్‌కర్నూల్ పోయినా, గద్వాల పోయినా, ముందు చిత్తుకాగితాల వాళ్ల దగ్గర గొంతుక్కూర్చుని దొంతరలన్నీ వెతికేవాడు. ఆ ఒక్క పేజీ దొరికితే పక్కకు తీసేవాడు. "గా పేపర్ల ఏముంది సేటూ, లాటరీ నంబరుందా" అని ఒకడడిగితే, "మా తోడల్లుడున్నడు" అన్నాడట. రెండేళ్లలో రెండు గోనె సంచులు నిండాయి. ఖాలా వాళ్లింటికి నెలనెలా సరుకులు మా దుకాణం నుంచే బస్సులో పోయేవి. అప్పటి నుంచి ఆ ఇంటికి పోయే కారం, చక్కెర, చాయపత్తి, ఈ మూడూ ఆ పేజీలోనే కట్టాడు. ముఖం బయటికి రావాలి, మడత పెదవుల మీద పడకూడదు, నవ్వు పూర్తిగా కనపడాలి, శీర్షిక పొట్లం చుట్టూ తిరగాలి. ఇందుకోసం మామూలు పొట్లం పనికిరాదు, కాగితాన్ని ఏటవాలుగా తిప్పి అడుగున రెండు మడతలు ఎక్కువ వేయాలి. నాకు ఆ విద్య అబ్బా ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి నేర్పాడు. నా డిగ్రీ చదువులో కూడా అంత శ్రద్ధ పెట్టలేదు. పదేళ్లకు పైగా, ఒక్క నెల తప్పకుండా, ఖాలూ తన నవ్వును తానే విప్పుకుని, సిగ్గుతో చాయ్ తాగాడని మేము సంబరపడ్డాం. నానీ పోయిన నెలలో కూడా సరుకు పంపాం. ఆ నెల పొట్లాలు నేనే కట్టాను, దారం కొంచెం ఎక్కువ బిగించాను.

నానీ హజ్ చేయకుండానే పోయింది. తర్వాత అబ్బా పోయాడు, అమ్మీ పోయింది. మా అన్న కొడుకు ఇప్పుడు ఫోన్లో నెలనెలా ఏదో ఫండులో వేస్తుంటాడు, పెట్టుబడి అంటే ఓపిక అత్తమ్మా అని నాకు పాఠాలు చెప్తాడు. ఓపిక గురించి నాకు చెప్తున్నాడు. మా కోపం ముప్పై ఏళ్లు దాటింది, ఒక్క ఏడు కూడా పడిపోలేదు, పెరుగుతూనే ఉంది. వార్తలు కూడా ఇప్పుడు ఫోన్లోనే. పొద్దున వచ్చింది మధ్యాహ్నానికి ఉండదు, వేలితో నెడితే పోతుంది. మోసం చేసినవాడు ఎంత హాయిగా ఉండొచ్చో. ఇప్పటి శీర్షికల్లో పావుకిలో కారం కట్టలేం, ముప్పై ఏళ్ల తర్వాత అటక మీది నుంచి దింపి ఎవరి ముఖం మీదా పెట్టలేం. ఆ సంచి ముందు కూర్చుని, ఖాలూ పేరుతో అచ్చు కావలసిన శీర్షికను ఎన్నోసారో మనసులో రాసుకున్నాను. చిన్నప్పటి నుంచీ రాస్తున్నదే, ప్రతి ఏడాదీ ఒక మాట దిద్దుతున్నదే. ఆయనకు ఎనభై దాటాయి, మంచం పట్టాడని కబురొచ్చింది. వినకుండానే పోతాడేమోనని భయం పట్టుకుంది. పల్లీలు వేయించి, పావుకిలో ఆ పేజీలో కట్టి, అడుగున రెండు మడతలు ఎక్కువ వేసి గద్వాల బస్సెక్కాను.

ఇంటి ముందు ఆ స్కూటర్ ఇంకా ఉంది, చక్రాలు లేకుండా, దాని మీద ఖాలా మిరపకాయలు ఎండబెట్టింది. ఖాలూ మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. రెండు కళ్లూ పోయాయట, మనిషిని గొంతుతోనే గుర్తుపడుతున్నాడు. ఖాలా గడప అవతల వంటింట్లో పీట మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. పొట్లం ఆయన చేతిలో పెట్టాను. వేళ్లతో అంచులు తడిమాడు, అడుగున మడతలు లెక్కపెట్టినట్టు తడిమాడు, ముఖం వెలిగిపోయింది.

"గదే పేపరా బేటీ?"

"గదే ఖాలూ."

"మీ అబ్బకు నా మీద ఎంత ప్రేమనో చూడు. ఎన్నేండ్లు, నా ఫొటో కనవడేటట్టు కట్టి పంపిండు. సొంత తమ్ముళ్లు గూడ గంత ఇజ్జత్ ఇయ్యలే నాకు. మీ ఖాలా ఊకున్నదా, ఆ పేపర్లను సాపు చేసి, నేను తినేటప్పుడు నా కంచం కింద గవ్వే పరిచేది. పూట తప్పలే."

మూడూళ్ల చిత్తుకాగితాల దుకాణాల్లో మా అబ్బా మోకాళ్లు అరగదీసుకున్నది ఇందుకా. పదేళ్ల పగ, రెండు గోనె సంచుల పగ, ఆ మనిషి దగ్గరికి శాలువాలా చేరింది. వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగిపోయింది. తలెత్తి చూస్తే ఖాలా నన్నే చూస్తోంది, ఉల్లిగడ్డ చేతిలో పట్టుకుని. కంచం కింద రోజూ ఆ నవ్వును ఎందుకు పరిచిందో ఆమె కళ్లల్లో కనపడింది. మాతో పాటు ఇంకొకరు కూడా, మాకంటే దగ్గరగా, పూటపూటా అదే పని చేశారు. ఆమె పగ కూడా ఆయనకు పగలా చేరలేదు.

"కండ్లుంటే రోజొకసారి సదువుకుందును" అన్నాడు ఖాలూ. "జర నువ్వు సదువు బేటీ. చిన్నప్పుడు దుకాణంల గట్టిగ సదివేదానివి గదా, గట్ల."

నానీ ఒట్టు గుర్తొచ్చింది. మీ నోటితోని ఆయనను ఒక్క మాట అనొద్దు. నిజమే, నేనేమీ అనను. పేపరు చదవమన్నాడు, పేపరు చదువుతాను. పల్లీలు పళ్లెంలో పోసి, కాగితాన్ని మోకాలి మీద సాపు చేసి, గొంతు సవరించుకున్నాను.

"అత్త హజ్ సొమ్ము మింగిన అల్లుడు. టేకు చెట్ల పేరిట టోకరా. గద్వాల వాసి మక్బూల్ నిర్వాకం."

ఆయన చెయ్యి పల్లీల పళ్లెం దగ్గర ఆగింది. తల నా వైపు తిప్పి అడిగాడు, "కింద ఏం రాసిన్రు?"

"పెద్దమందడికి చెందిన హుస్సేన్‌బీ పదహారేళ్ల పాటు దూడలను పెంచి కూడబెట్టిన డబ్బును, తోడు వస్తానని నమ్మించి అల్లుడు కాజేశాడు. ఆ కమీషన్‌తో ఆకుపచ్చ స్కూటర్ కొన్నాడు. బాధితురాలు తన చెట్టుకు పోయడానికి ఇంటి నుంచి సీసాలో నీళ్లు మోసుకుని మన్ననూర్ వెళ్లింది. అక్కడ ఆమె చెట్టు లేదు. బిడ్డ కాపురం కోసం చనిపోయేదాకా అల్లుణ్ని ఒక్క మాట అనలేదు."

"గిది..." అని ఆగాడు ఖాలూ. పెదవులు తడుపుకున్నాడు. "గిది ఏ పేపరు బేటీ?"

"మా దుకాణం పేపరు ఖాలూ."

ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. జాలి వస్తుందేమోనని కాసేపు చూశాను, రాలేదు. ఖాలా పీట మీది నుంచి లేచి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ గడప దాటి లోపలికొచ్చింది. ఆయన మంచం కోడు పక్కన, సరిగ్గా ఆయన చెవి దగ్గర, నేల మీద కూర్చుంది.

"ఇంకోసారి సదువు బిడ్డా" అంది. "జర గట్టిగ సదువు."

నేను కాగితం మళ్లీ సాపు చేసుకుని మొదటి నుంచి చదివాను.